భీమ్ ఒంటి మీద సూటు ఎందుకు విప్పుతున్నారు?

   పోస్టు పొడవుగా ఉంటుంది. హాస్టల్లో లైట్లు ఆపేసినాక దుప్పటి కింద ఫోన్లో టైపు చేస్తున్నా, అక్షర దోషాలుంటే మన్నించండి. సగం చదివి కామెంట్ పెట్టొద్దు. మొత్తం చదివి, తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టండి.

మా కాలేజీలో ఈ సెమిస్టర్ మాకు మీడియా ప్రాజెక్టు ఒకటి ఇచ్చినారు. తొమ్మిది మంది ఒక టీమ్. పేరున్న పాట వీడియో ఒకటి తీసుకుని, దాన్ని షాట్ తర్వాత షాట్ అట్లే మళ్ళీ తీయాలి. సొంత కథ వద్దు, సొంత పాట వద్దు. కెమెరా ఎక్కడ పెట్టినారు, ఎందుకు పెట్టినారు, ఎక్కడ కట్ చేసినారు అనేది చేసి నేర్చుకోవాలి. మా టీమ్ 'నాటు నాటు' తీసుకుంది. అందులో భీమ్ వేషం నాకిచ్చినారు. "నువ్వు ఎస్టీ కదా మచ్చా, నీకైతే కరెక్టుగా సరిపోతాది" అన్నారు. ఆ మాట అప్పుడే కొంచెం గుచ్చుకుంది. అయినా సంతోషపడినా. దాచుకోవడం ఎందుకు? ఇరవై ఏళ్ళొచ్చినా నేను ఇంతవరకు సూటు వేసుకోలేదు. మా ఇంట్లో ఎవరూ వేసుకోలేదు. పెనుకొండ దగ్గర తాండా నుంచి డిగ్రీకి వచ్చిన మొదటివాడిని నేనే. ఆ పాటలో భీమ్ తెల్లచొక్కా, ప్యాంటు, భుజాల మీద పట్టీలు వేసుకుని ఉంటాడు. అట్లా నన్ను మా యాడి ఒకసారి చూడాలని మనసులో అనుకున్నా.

వారం తర్వాత డ్రెస్సుల లిస్టు వచ్చింది. రామ్ వేషానికి సూటు, పట్టీలు. తెల్లదొర వేషానికి కోటు. భీమ్ వేషానికి ఆకుల లంగా, తలకు ఈకలు, ముఖానికి నల్లరంగు, మెడలో ఎముకల దండ. నేను రెండుసార్లు చదివినా. తప్పు పడిందేమో అనుకుని అడిగితే టీమ్ లీడర్ చెప్పినాడు: "సూటు వేస్తే నువ్వు ట్రైబల్ అని చూసేవాళ్ళకు ఎట్ల తెలుస్తాది మచ్చా?"

అన్నలూ, ఆ ఒక్క ప్రశ్న గురించే ఈ పోస్టంతా.

ముందు సినిమా సంగతి చూద్దాం. ఆ పాటను 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందర తీసినారు. కీరవాణి సంగీతం, చంద్రబోస్ రాత, ప్రేమ్ రక్షిత్ స్టెప్పులు, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. ఇవన్నీ మా టీమ్ ప్రాజెక్టు ఫైల్లో మొదటి పేజీలోనే నీటుగా రాసుకున్నారు. కానీ పాటకు ముందు సీను ఒకటుంది కదా. దొరల పార్టీకి భీమ్ వాళ్ళ లాగానే బట్టలు వేసుకుని పోతాడు. అయినా ఒక తెల్లవాడు కాలు అడ్డం పెట్టి, డాన్స్ గురించి నీకేం తెలుసు అని నలుగురిలో నవ్వుతాడు. నువ్వు ఏం వేసుకున్నా, ఎట్లా తయారైనా, నిన్ను కిందకే చూస్తాం అనేదే ఆ అవమానం. ఆ అవమానానికి జవాబుగా పాట మొదలవుతుంది. భీమ్‌కి ఆకులు కట్టినారంటే సీను అర్థమే తలకిందులు. అప్పుడు చూసేవాడు కూడా ఆ తెల్లవాడితో కలిసి నవ్వుతాడు.

ఇంకోటి. కథలో ఆ పార్టీ రోజు భీమ్ తాను గోండు అని దాచుకుని, అక్తర్ అనే పేరుతో తిరుగుతుంటాడు. ఆకులు కట్టుకుని, ఈకలు పెట్టుకుని దొరల బంగ్లాకు పోతే గేటు దగ్గరే దొరికిపోడా? సినిమా అక్కడే అయిపోదా?

మూడోది నవ్వొచ్చేది. ఆ పాటలో ప్రపంచమంతా వేసిన స్టెప్పు ఏది? ఇద్దరూ భుజాల పట్టీలు లాగుతూ కాళ్ళు ఒకేసారి ఆడించేది. ఆకుల లంగాకి పట్టీ ఎక్కడుందప్పా లాగడానికి?

షాట్ టు షాట్ కాపీ అన్నారు కదా. మా టీమ్ ఎంత శ్రద్ధగా చేసిందో నేను చూసినా. పాట సౌండు తీసేసి, ఒక్కో షాటును ఆపి ఆపి నోటు పుస్తకంలో రాసుకున్నాం. ఇది వైడు, ఇది నడుము దాకా, ఇది క్లోజప్పు అని. ఆ స్టెప్పు వచ్చేటప్పుడు కాళ్ళు కనపడేలా నిండు మనిషిని చూపిస్తారు. మోకాళ్ళ దగ్గర ఫ్రేము తెగితే స్టెప్పే పోతాది. స్పీకర్లో పాట పెట్టి, ముందు ఒక చప్పట కొట్టి, ఆ చప్పట శబ్దాన్ని బట్టి తర్వాత ఎడిటింగులో పెదాలను పాటకు కలపాలి. ఇవన్నీ కష్టపడి నేర్చుకున్నాం. దుమ్ము లేచే షాటు కోసం పెనుకొండ కోట కింద ఎర్రమట్టి నేల కూడా వెతికినాం. దొర టోపీ రంగు దగ్గర అరగంట గొడవపడినాం, ఒరిజినల్లో అట్లే ఉందా లేదా అని. అన్నీ ఉన్నది ఉన్నట్టు కావాలి వీళ్ళకు. ఒక్క గిరిజనుడి ఒంటి మీద సూటు మాత్రం ఉన్నది ఉన్నట్టు వద్దు. కాపీలో కూడా ఓర్చుకోలేకపోయినారు.

సార్ దగ్గరకు పోయినా. ఆయన చెడ్డ మనిషి కాదు. "ఫన్ కోసం కదా, లైట్ తీస్కో, క్రియేటివ్ ఫ్రీడమ్" అన్నారు. సార్, క్రియేటివ్ ఫ్రీడమ్ దొర టోపీకి ఎందుకు లేదు? నా నడుము దగ్గరకు వచ్చేసరికే ఎందుకు గుర్తొచ్చింది? ఇది అక్కడ అడగలేకపోయినా. నోరు రాలేదు. ఇక్కడ అడుగుతున్నా.

అసలు ఈ ఆకులు, ఈకలు ఎవరివి? నేను సుగాలీని. మా అవ్వ వేసుకునేది ఫేటియా, కాంచళి, చేతుల నిండా బలియా. అద్దాలు, గవ్వలు, రంగుదారాలతో ఒక్కో కుట్టు చేత్తో కుట్టుకున్నది. బళ్ళారి పక్కన సండూరులో మన లంబాడీ ఆడవాళ్ళ కుట్టుపనికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ధర్మవరం పట్టుచీరకు ఉన్నట్టే. మా తాండాలో ఏ కాలంలోనూ ఎవరూ ఆకులు కట్టుకోలేదు. మా హాస్టల్లో పక్క మంచం తమ్ముడు ఎరుకల. వాళ్ళది బుట్టలు, చాపలు అల్లిన ఇల్లు. తెల్లవాళ్ళు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద వాళ్ళ తాతల పేర్లు పోలీసు రిజిస్టర్లకెక్కినాయి. పుట్టుకతోనే దొంగలని ముద్ర. స్వాతంత్ర్యం వచ్చినాక కూడా ఐదేళ్ళు ఆగి, 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా పోలేదు. ఆ తమ్ముడు కూడా ఆకులు కట్టుకోలేదు.

మరి భీమ్? ఆయన గోండు. ఆదిలాబాద్ ఎక్కడ, హిందూపురం ఎక్కడ. ఆయన మా తాత అని నేను చెప్పుకోను. మన భాష వేరు, వాళ్ళ భాష వేరు. అక్కడ ఎస్టీ జాబితా విషయంలో ఆదివాసులకు, లంబాడీలకు గొడవ ఉన్న సంగతి కూడా నాకు తెలుసు. ఈ గ్రూపులో దాని మీద కొట్లాట మొదలుపెట్టొద్దని దండం పెట్టి అడుగుతున్నా. నేను చెప్పేది ఇంతే. గోండు, కోయ, చెంచు, యానాది, ఎరుకల, సుగాలి, మనం ఎవరికి వాళ్ళం వేరు. కాలేజీ స్టేజీ ఎక్కేసరికి మాత్రం అందరికీ ఒకటే ఆకుల లంగా, ఒకటే జింగలాలా.

పోనీ ఈకలన్నా గోండులవే కదా అంటారా? దీపావళి రోజుల్లో దండారి పండగకు గుస్సాడీ ఆడేవాళ్ళు తలకు నెమలి ఈకల టోపీ పెట్టుకుంటారు. అది దీక్ష. దేవుడి పని. మార్లవాయి కనకరాజు గారు ఆ నాట్యాన్ని జీవితమంతా ఆడి, పిల్లలకు నేర్పితే 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన పోయినారు. ఆ టోపీకి ఉండే నియమం తెలిసినవాడు ఎవడూ మూడు వందలకు అద్దెకు తెచ్చి తల మీద పెట్టుకోడు.

సినిమాను కూడా నేను వెనకేసుకు రావడం లేదు. 2020 అక్టోబరులో భీమ్ టీజర్ వచ్చినప్పుడు ఆయన నెత్తిన టోపీ చూసి ఆదిలాబాద్ ఆదివాసులు నిలదీసినారు. అల్లూరి 1924లో చనిపోయినాడు, భీమ్ 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసుల తుపాకులకు బలైనాడు. సినిమాలో వాళ్ళిద్దరి స్నేహం కల్పన. సినిమా చివర భీమ్ తన వాళ్ళకు చదువు ఇమ్మని రామ్‌ను అడుగుతాడు. అసలు భీమ్ జీవితకథల్లో అట్లా లేదు. ఊరు వదిలి తిరిగిన రోజుల్లో చదవడం, రాయడం తానే నేర్చుకుని వచ్చినాడని చెప్తారు. మొదటి తరం చదువుకునే మనలాంటోళ్ళకు ఆ తేడా చిన్నది కాదు. కాబట్టి సినిమాలోనూ తప్పులున్నాయి. కానీ అంత తప్పులున్న సినిమా కూడా ఆ పాటలో ఆయనకు మర్యాదగా బట్టలు వేసింది. మా ప్రాజెక్టు అది కూడా విప్పుతోంది.

2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం వాళ్ళు ఇదే పాటకు డాన్స్ చేసి వీడియో పెట్టినారు. మనమందరం షేర్ చేసినాం. వాళ్ళు ఎవరికీ ఆకులు కట్టలేదు. తర్వాత ఆస్కార్ స్టేజీ మీద ఈ పాటకు ఆడినప్పుడు ముందు వరసలో మన దేశంవాళ్ళు లేరని ఎంతమందికి కోపం వచ్చిందో గుర్తుందా? మన పాటను మనవాళ్ళు లేకుండా ఆడిస్తారా అని. మా క్లాసులో కూడా అప్పట్లో స్టేటస్‌లు పెట్టినవాళ్ళున్నారు. అమెరికాలో జరిగితే అవమానం, మన క్లాసులో జరిగితే ఫన్నా?

ఇప్పుడు మనవాళ్ళ మీద కూడా రెండు మాటలు. మొన్న నేను చిన్నగా ఒక కామెంట్ పెడితే ఈ గ్రూపులో రెండు రకాల జవాబులొచ్చినాయి.

ఒకటి: "సినిమా పాటను కాపీ కొట్టడమే బానిసత్వం. బాయ్‌కాట్ చెయ్. తీజ్ పాటలు తియ్యి, మన సొంతవి తియ్యి." అన్నా, నీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఒప్పుకోను. మా అవ్వ కుట్టు ఎట్లా నేర్చుకుంది? వాళ్ళమ్మ కుట్టినదాన్ని పక్కన పెట్టుకుని, అద్దం పక్కన అద్దం, ముడి పక్కన ముడి అట్లే దించి నేర్చుకుంది. దించడం నేర్చినాకే సొంత పువ్వు కుట్టింది. కెమెరా కూడా అంతే. పెద్దవాళ్ళు తీసిన పాటను దించితేనే ఫ్రేము ఎక్కడ తెగుతుందో, వెలుగు ఎటు నుంచి రావాలో చెయ్యికి తెలుస్తుంది. శ్రావణంలో తీజ్ నేను తీస్తా. గోధుమ మొలకల బుట్టల చుట్టూ మన చెల్లెళ్ళు ఆడేది తీస్తా. కానీ తెలియని చేత్తో తీసి, ఊగిపోయే వీడియో పెట్టి, "మన సంస్కృతి, షేర్ చేయండి" అని అడుక్కోవడం నాకిష్టం లేదు. ప్రాజెక్టు వదిలేస్తే నష్టపోయేది నేను. కెమెరా నేర్చుకునేది వాళ్ళు.

రెండోది: "మార్కులు పోతాయి. ఒక్క రోజు కట్టుకుంటే ఏమవుతాది? తల వంచుకుని పని కానీ." ఇది నాకు ఎక్కువ బాధనిపించింది, ఎందుకంటే ఇది ప్రేమతో చెప్పిన మాట. మా నాయన కూడా ఇదే చెప్తాడు. బెంగళూరులో బిల్డింగు పనికి పోయి, మేస్త్రీ ఏమన్నా నవ్వి ఊరుకుని, ఆ నవ్వుతోనే నన్ను చదివించినాడు. ఆయన తల వంచింది నేను వంచకుండా ఉండాలనే కదా. రిహార్సల్ రోజు ఆ ఆకుల లంగా శాంపిల్ తెచ్చి నా ప్యాంటు మీద కట్టి చూసినారు. కారిడార్లో పోయే పిల్లోళ్ళు జింగలాలా అని అరిచినారు. వాళ్ళల్లో మన హాస్టల్ జూనియర్ ఒకడున్నాడు. వాడూ అరిచినాడు. అరవకపోతే వాడూ మనవాడే అని తెలిసిపోతుందని. ఆ పిల్లోడి ముఖం నాకు నిద్రలో కూడా వస్తోంది. ఒక్క రోజు కట్టుకుంటే ఏమవుతాది అంటే, ఇదే అవుతాది.

ఇంకో నిజం కూడా ఒప్పుకుందాం. ఆగస్టు 9 ఆదివాసీ దినం వచ్చిందంటే మనలో ఎంతమంది ర్యాలీకి ఇవే ఆకులు, ఇవే ఈకలు అద్దెకు తెస్తున్నాం? నేనూ ఫస్టియర్‌లో ముఖానికి రంగు పూసుకుని సెల్ఫీ పెట్టినా. మనమే అట్లా చూపించుకుంటే, వాళ్ళు అదే అడిగినప్పుడు ఏ ముఖంతో కాదనాలి? ఈ ఏడాది నుంచి అవ్వ పెట్టెలో ఉన్నది బయటకు తీద్దాం. లేకపోతే ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుందాం. చొక్కా వేసుకుంటే గిరిజనుడు కాకుండా పోతాడా?

టీమ్‌లో నా వైపు మాట్లాడినవాడు ఒక్కడే. ధర్మవరం నేతపని వాళ్ళ అబ్బాయి. పాసింజర్ రైల్లో వస్తుంటే చెప్పినాడు: "మా నాయన నేసిన చీరలో పెళ్ళికూతురు కనపడతాది మచ్చా. మా నాయన కనపడడు. నువ్వు కనపడతాండావు గానీ నీ లెక్క కాదు. రెండూ ఒకటే కదా." ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది.

ఇద్దరం హిందూపురంలో డ్రెస్సులు అద్దెకిచ్చే షాపుకు పోయినాం. ఆకుల డ్రెస్సు, ఈకలతో కలిపి మూడు వందలు. సూటు, పట్టీలతో కలిపి ఐదు వందలు. తేడా రెండు వందలు. టీమ్ లీడర్ బడ్జెట్ లేదన్నాడు. ఆ రెండు వందలు నేను పెట్టుకుంటా అన్నా. అప్పుడు బడ్జెట్ మాట వదిలి మళ్ళీ మొదటి మాటకే వచ్చినాడు, "ట్రైబల్ అని ఎట్ల తెలుస్తాది" అని. అంటే లెక్క డబ్బుల దగ్గర లేదు.

సోమవారం మీటింగు ఉంది. అక్కడ నేను చెప్పబోయేవి ముందే ఇక్కడ పెడుతున్నా. ఒకటి, భీమ్‌కి ఒరిజినల్లో ఉన్న బట్టలే. లేదంటే ఆ వేషం నేను వెయ్యను, ఇంకెవరికీ ఆకులు కట్టనివ్వను. రెండు, నటించడం ఒక్కటే కాదు, ఎడిటింగులో నేను కూర్చుంటా. మన పిల్లలు ఏ ప్రాజెక్టులోనైనా ముందు నిలబడడానికి, వెనక లైటు మోయడానికి మాత్రమే పనికొస్తారనే లెక్క పోవాలి. మీరు కూడా ఏ టీమ్‌లో చేరినా కెమెరానో, ఎడిటింగో అడిగి తీసుకోండి. మూడు, చివర పేర్లలో ప్రతి ఒక్కరి పేరు, చేసిన పని ఉండాలి. పాట అసలు ఎవరిదో ఆ పేర్లు కూడా ఉండాలి.

నాలుగోది యూట్యూబ్ గురించి. టీమ్ దీన్ని అప్‌లోడ్ చేసి వ్యూస్ తెచ్చుకోవాలని చూస్తోంది. మనం తీసిన బొమ్మ మనదే, కానీ పాట మనది కాదు. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే యంత్రం పాట శబ్దాన్ని గుర్తుపట్టి, హక్కుదారుల పేరు మీద క్లెయిమ్ వేస్తుంది, లేదా వీడియోనే ఆపేస్తుంది. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52 విద్యాసంస్థలకు కొంత వెసులుబాటు ఇచ్చింది. కాలేజీ కార్యక్రమాల్లో భాగంగా చూపిస్తే, చూసేవాళ్ళు అక్కడి సిబ్బంది, విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు, సంస్థ పనులతో సంబంధమున్నవాళ్ళు అయితే ఇబ్బంది లేదు. కాబట్టి యూట్యూబ్ వద్దు, కాలేజీ హాల్లో వేద్దాం అని చెప్తా. ఆ సెక్షన్ చదివినప్పుడు తల్లిదండ్రులు అన్న మాట దగ్గర ఆగిపోయినా. హాల్లో మా యాడికి కూడా చోటుందని చట్టమే చెప్తోంది. ఆమె ఇంతవరకు కాలేజీ గేటు దాటి లోపలికి రాలేదు. మొదటిసారి వచ్చి కూర్చున్నప్పుడు, కొడుకును ఆకుల లంగాలో, ముఖానికి నల్లరంగుతో చూసి, చుట్టూ నవ్వులు వినాలా?

అన్నలూ అక్కలూ, లైకులు వద్దు. మూడు పనులు చేయండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కాలేజీల్లో మీకు ఇట్లాంటిది జరిగి ఉంటే కింద రాయండి. కాలేజీ పేరు, మనుషుల పేర్లు వద్దు, జరిగింది రాయండి. సోమవారం అవి చూపిస్తా, నా ఒక్కడి పైత్యం కాదని తెలియాలి. నా సైజుకు సరిపోయే తెల్లచొక్కా, నల్లప్యాంటు ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి, ఉతికి ఇస్త్రీ చేసి తిరిగిస్తా. పట్టీల కోసం ధర్మవరం వాడు వాళ్ళ వీధి టైలర్ని అడుగుతున్నాడు.

మూడోది, ఆ జూనియర్ తమ్ముడు ఈ గ్రూపులో ఉన్నాడేమో తెలియదు. ఉంటే, రేయ్ తమ్ముడూ, నీ మీద నాకు కోపం లేదు. షూటింగు రోజు వచ్చి నా పక్కన నిలబడు. చప్పట కొట్టేది నువ్వే.